వేగం పెంచినా రాని సంతోషం: ఒక తెలుగు క్రైస్తవ రాక్ బ్యాండ్ ఆల్బమ్ కేస్ స్టడీ

సౌండ్ ఇంజనీర్ దగ్గరికి వచ్చే కోరికల్లో అన్నిటికన్నా చిక్కుపెట్టేది "పాట సంతోషంగా ఉండాలి" అన్నది. విషాదం కావాలంటే ఏం చెయ్యాలో చేతులకే తెలుసు. టెంపో తగ్గించి, రివర్బ్ (ప్రతిధ్వనిలా సాగే మోత) పెంచి, వెనక ఒక ఫ్లూట్ పెడితే సగం పని అయిపోతుంది. సంతోషానికి కూడా అలాంటి దగ్గరిదారి ఉందనిపిస్తుంది: టెంపో పెంచు, మేజర్ కార్డులు (కలిపి మోగించే స్వరాల్లో హుషారుగా వినపడేవి) వాడు, చప్పట్లు కలుపు. ఈ దారిలో పూర్తిగా వెళ్లి, దెబ్బతిని, వేరే దారి పట్టిన ఒక ఆల్బమ్ గురించి ఇక్కడ రాస్తున్నాను. బ్యాండ్ వాళ్లని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నా. ఊరు, సంఘం, పాటల పేర్లు తీసేశాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

కోస్తాలో ఒక మోస్తరు పట్నం. ఐదుగురు కుర్రాళ్లు. గాత్రం, లీడ్ గిటార్, బేస్, కీబోర్డ్, డ్రమ్స్. సండేస్కూల్ రోజుల నుంచి ఒకే సంఘంలో పెరిగారు. పగలు ఉద్యోగాలు, సాయంత్రాలు ప్రాక్టీసు. ఒకప్పుడు ఆరుగురు ఉండేవాళ్లు. రిథమ్ గిటార్ వాయించే అబ్బాయి 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో పోయాడు. ఆ తరవాత చేసిన మొదటి ఆల్బమ్ మొత్తం ఆ దుఃఖమే. పాటలన్నీ నిదానం, అన్నీ మైనర్, అంటే దిగులుగా వినపడే కార్డులు. జనానికి బాగా పట్టాయి. ఎంతగా పట్టాయంటే, వీళ్లని యువజన కూటాలకన్నా జ్ఞాపకార్థ కూటాలకే ఎక్కువ పిలిచేవారు.

"ఎక్కడికెళ్లినా ఆ పాటలే అడుగుతున్నారన్నా. పాడినప్పుడల్లా వాణ్ణి మళ్లీ పూడ్చిపెట్టినట్టుంది" అన్నాడు గాయకుడు. అందుకే రెండో ఆల్బమ్‌కి వాళ్లే ఒక నియమం పెట్టుకున్నారు. ఏడుపు ఉండకూడదు, మైనర్ కార్డు వినపడకూడదు.

తెలుగు చర్చిలో రాక్ అంటే ఏమిటో ఈ నేపథ్యం లేకుండా అర్థం కాదు. అమెరికాలో 1969లో క్రైస్తవ రాక్ గాయకుడు లారీ నార్మన్ మొదటి సోలో ఆల్బమ్ వచ్చినప్పుడు గొడవ డ్రమ్స్ దగ్గర, గిటార్ దగ్గర, పొడుగు జుట్టు దగ్గర మొదలైంది. మన దగ్గర డ్రమ్స్ గొడవ ఎప్పుడో సద్దుమణిగింది. రిథమ్ ప్యాడ్, కీబోర్డ్ లేని పట్నపు చర్చి ఇప్పుడు అరుదు. అభ్యంతరం వచ్చేది డిస్టార్షన్ గిటార్ (శబ్దాన్ని గరుకుగా మార్చి వాయించేది) దగ్గరే. "అది గోల బాబూ" అంటారు పెద్దలు. మరోపక్క ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అంటే ఈ సంఘాలకి సొంత సంగీత జ్ఞాపకం ఒకటి బలంగా ఉంది. రాక్ బ్యాండ్ ఆ జ్ఞాపకం మీద నిలబడి వాయించాలి, లేకపోతే దాని పక్కనే పరాయిగా వాయించాలి.

వచ్చిన సమస్య

నా దగ్గరికి వచ్చేసరికే డెమోలు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిది పాటలు, అన్నీ మేజర్, అన్నీ వేగం. టైటిల్ పాట 148 బీపీఎం, అంటే నిమిషానికి 148 మాత్రలు. కీబోర్డ్‌లో బ్రాస్, గిటార్ మీద గిటార్, ప్రతి పల్లవిలో చప్పట్ల శాంపిల్. వాయించడంలో తప్పు పట్టడానికేం లేదు. కానీ వింటుంటే మొహం మీద నవ్వు రాదు, కాలు ఆడదు. వాళ్ల యూత్‌లోనే కొందరికి వినిపిస్తే ఒకమ్మాయి, "బావుందన్నా, బట్టల షాపు యాడ్‌లా ఉంది" అంది. బ్యాండ్ రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఆ అమ్మాయి అన్నది మాత్రం కచ్చితమైన నిర్ధారణ. ప్రకటనలో సంతోషానికి కారణం ఉండదు. మొదటి సెకనులోనే అందరూ నవ్వుతూ ఉంటారు.

ఈ మాట అప్పుడే గట్టిగా అనలేదు. సంగీతంలో సరిచెయ్యగలిగినవి ముందు సరిచేసి, అప్పటికీ మిగిలితే మాటల జోలికి వెళ్దామనుకున్నా. కారణం ఉంది. పాటలు రాసినవాడికి ట్యూన్ మార్చమంటే పనిలా ఉంటుంది, మాటలు మార్చమంటే సాక్ష్యాన్ని అనుమానించినట్టు ఉంటుంది.

ముందు ప్రయత్నించినవి

బ్యాండ్ మొదటి ఆలోచన ఇంకా పెంచడం. టైటిల్ పాటని 156కి తీసుకెళ్లి చూశారు, కోరస్ గొంతులు పన్నెండు లేయర్లు చేశారు. నేను అడ్డుచెప్పలేదు, వాళ్ల చెవితో వాళ్లే తేల్చుకోవాలని. లెక్క చూస్తే 148 దగ్గరే ఒక పదహారో వంతు స్వరానికి (మాత్రలో నాలుగో వంతు) దొరికే సమయం దాదాపు 101 మిల్లీసెకన్లు. అందులో "స్తోత్రము", "కృపాక్షేమములు" లాంటి మాటలు పడాలి. వాటిలో ఒత్తులున్నాయి, దీర్ఘాలున్నాయి. ఆ వేగంలో దీర్ఘం హ్రస్వమైపోతుంది, ఒత్తు సగం మింగేసినట్టవుతుంది. వినేవాడికి మాట అందదు, పాడేవాడి గొంతులో కంగారు మాత్రం అందుతుంది. కంగారుని సంతోషం అనుకోమని శ్రోతని ఎంతసేపు బతిమాలగలం?

టెంపోని 112కి దించాం. అదే స్వరానికి 134 మిల్లీసెకన్లు వచ్చాయి. మాటలు తెరుచుకున్నాయి. కానీ డ్రమ్మర్‌కి ఇది నిద్రపోతున్నట్టు అనిపించింది, అది న్యాయమే. 148కి రాసుకున్న బీట్‌నే 112కి వాయిస్తే ఖాళీలు బయటపడతాయి. ఆ ఖాళీల్లో కీబోర్డ్ అతను కొత్త లేయర్లు నింపాడు. మళ్లీ మొదటికొచ్చాం.

తరవాత శ్రుతి. గాయకుడిది పైస్థాయి గొంతు. టైటిల్ పాట ఆరు శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ పైకి), పల్లవి తారస్థాయి షడ్జమం, అంటే పై 'స' మీద కూర్చుంటుంది. అతను అందుకుంటే అద్భుతంగా ఉంటుంది, మనం వింటూ ఉండిపోతాం. అదే ఇక్కడ ఇబ్బంది. ఆరాధన పాట అంటే పక్కన నిలబడ్డ మామూలు మనిషి కూడా పాడాలి. మగవాళ్లలో చాలామందికి అంత పైన ఊపిరి ఆడదు. వింటూ ఉండిపోయిన సంఘం కచేరీకి వచ్చిన ప్రేక్షకులవుతారు. మూడు శ్రుతికి దించితే పల్లవి అందరికీ అందింది గానీ చరణం మొదట్లో గాయకుడి గొంతు అడుగంటిపోయింది. నాలుగు దగ్గర ఆగాం. పైన కొంచెం సాగాలి, కింద కొంచెం తగ్గాలి. గిటార్ అతను ఒకటో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకున్నాడు కాబట్టి తీగలు తెరిచి వాయించే మోత పోలేదు. అనుకోని లాభం ఏమిటంటే, చరణం కిందనుంచి మొదలవడంతో పల్లవికి ఎక్కే మెట్టు వినపడసాగింది. డెమోలో అందరూ మేడమీదే పుట్టినట్టు ఉండేది.

ఇంతవరకూ చేసినవన్నీ పాటని బాగుచేశాయి. సంతోషాన్ని తేలేదు. ఈ రెంటికీ తేడా ఉంది.

డప్పు

లయలో మన నేల వాసన ఉంటే పాట వదులవుతుందని నా ఊహ. తెలుగు చర్చిలో జనం తమంతట తాము ఊగేది 6/8 లోనే, అంటే మూడుమూడుగా నడిచే తిశ్ర గతిలో. తిశ్రంలో ఢోలక్ పడితే ముసలివాళ్ల చేతులు కూడా ఆగవు. రెండు పాటలు ఆ గతిలోకి మారిస్తే వాటిలో డప్పు పెడదామన్నాను. డ్రమ్మర్ ఎగిరి గంతేశాడు. వాళ్ల తాతగారు డప్పు వాయించేవారట. ఒక పాత డప్పు తెచ్చి, సెగకి కాచి, లావుపుల్లా సన్నపుల్లా పట్టుకుని ఒక దరువు వేశాడు. స్టూడియోలో అందరి మొహాలూ వెలిగాయి.

ఆ రికార్డింగ్ వాళ్ల సంఘంలో ఒక పెద్దాయన విన్నారు. సంఘం డబ్బు కొంత ఆల్బమ్‌లో ఉంది కనుక వినిపించడం మర్యాద. ఆయన కోప్పడలేదు. "మా నాన్న ఊళ్లో ఎవరు పోయినా దాన్ని మెడకేసుకుని ముందు నడవాల్సి వచ్చేది. నడవనంటే కుదిరేది కాదు. అది దింపేసి ఇక్కడికొచ్చాం బాబూ. మళ్లీ దీన్ని ఈ గుమ్మంలోకి తేకండి" అన్నారు.

డ్రమ్మర్ ఒప్పుకోలేదు. అతని తరానికి డప్పు ఆత్మగౌరవం, సభల్లో ముందు మోగేది. "మనది మనం ఎందుకు దాచుకోవాలి తాతా?" అన్నాడు. ఇద్దరి వాదనలోనూ బలముంది. తీర్పు చెప్పడానికి నేనెవణ్ణి? నేను చూడాల్సింది ఒక్కటే: ఈ ఆల్బమ్ ఎవరి నోట పాడించడానికి? ఆ హాల్లో కూర్చునే వాళ్లలో ఒకరికి ఆ మోత విన్నప్పుడల్లా తండ్రి మెడలోని తాడు గుర్తొస్తుంటే, అక్కడ ఆ పాట ఎవరికోసం సంతోషం? డప్పు తీసేశాం. దరువు మాత్రం డ్రమ్మర్ వదలలేదు. ఫ్లోర్ టామ్ (డ్రమ్స్‌లో నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్) చర్మం కొంచెం బిగించి, ఒక చేత్తో మామూలు స్టిక్, రెండో చేత్తో సన్నటి వెదురు పుల్లల కట్టతో అదే నడక వాయించాడు. పెద్దాయన అది విని తల ఊపారు. గుర్తుపట్టారా లేదా అన్నది మేం అడగలేదు. డ్రమ్మర్ ఈ సర్దుబాటుతో ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు, ఆ సంగతి ఇక్కడ రాయమన్నది కూడా అతనే.

6/8లోకి మారాక ఇంకో చిక్కు వచ్చింది. లీడ్ గిటార్ అతని శబ్దమంతా డాటెడ్ ఎయిత్ డిలే మీద నడుస్తుంది, అంటే వాయించిన స్వరాన్ని ముప్పావు మాత్ర తరవాత మళ్లీ వినిపించే ఎఫెక్ట్. ఈ తరం ఆరాధన గిటారిస్టులందరిదీ దాదాపు అదే ఊతకర్ర. 4/4లో, 112 టెంపోకి, 402 మిల్లీసెకన్ల దగ్గర ఆ ప్రతిధ్వని చక్కగా అల్లుకుంటుంది. తిశ్రంలో అదే పెడితే మూడుమూడుగా నడిచే లయకి అడ్డంగా పడి బురదైపోతుంది. డిలే ఆపెయ్యమన్నాను. కొన్నాళ్లు అతనికి చేతులు కట్టేసినట్టు ఉంది. చివరికి పాత కీర్తనల్లోంచే దారి దొరికింది. మోహన రాగం స్వరాలూ రాక్ గిటార్ వాళ్ల మేజర్ పెంటటానిక్ స్వరాలూ ఒకటే. వాళ్లమ్మ ఇంట్లో పాడుకునే పద్ధతిలో స్వరాన్ని జార్చడానికి తీగని వంచాడు. డిస్టార్షన్ అలాగే ఉంది. "గోల" అన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

పని చేసింది

ఇప్పుడు మాటల దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఎనిమిది పాటల మాటలూ కాగితం మీద వరసగా పెట్టి ఒకటే ప్రశ్న అడిగాను: ఈ మనిషి పల్లవికి ముందు ఎక్కడున్నాడు? ఏడు పాటల్లో జవాబు లేదు. మొదటి అక్షరం నుంచే ఆనందం, స్తుతి, నాట్యం. దేన్నుంచి బయటపడ్డాడో తెలియని మనిషి గంతులేస్తున్నాడు.

నేను వాక్యం చెప్పేవాణ్ణి కాదు గనక వాళ్ల బైబిల్లోంచే చూపించాను. 150వ కీర్తన తంబుర, నాట్యం, తాళాలతో ఊరేగింపులా ఉంటుంది, నిజమే. కానీ అది కీర్తనల గ్రంథంలో చిట్టచివరిది. దానికి ముందు 13వ కీర్తన ఉంది. మొదటి రెండు వచనాల్లో దేవుణ్ణే వరసగా నిలదీసి, ఆరో వచనానికి వచ్చేసరికి పాడుతుంది. ఆరు వచనాల్లో అంత దూరం. ఆ దూరమే మన ఆల్బమ్‌లో లేదన్నాను.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. గాయకుడు ఫోన్ తీసి ఒక పాత నోట్ చూపించాడు. టైటిల్ పాటకి మొదట రాసుకుని కొట్టేసిన చరణం. ఆక్సిజన్ సిలిండర్ కోసం స్నేహితులు ఊరంతా తిరిగిన రాత్రి అందులో ఉంది. దొరికిందని గానీ, బతికాడని గానీ ఉండదు. "ఇది పెడితే మళ్లీ ఏడుపు పాటే అవుతుంది కదన్నా?" అన్నాడు.

ఆ భయం చిన్నదేం కాదు. మొదటి ఆల్బమ్ వాళ్లని అక్కడే కట్టేసింది. అందుకని చరణాన్ని ఎలా వాయించాలన్నది జాగ్రత్తగా తేల్చుకున్నాం. మైనర్ కార్డు వస్తుంది. టెంపో తగ్గదు, అదే 112. ఫ్లూట్ లేదు, రివర్బ్ లేదు. బేస్, టామ్, గొంతు, అంతే. గాత్రం దగ్గరగా, పొడిగా, స్నేహితుడు పక్కన కూర్చుని చెబుతున్నట్టు. దుఃఖాన్ని అలంకరించకూడదన్నది నియమం. చరణం అయ్యాక ఒక బార్ (నాలుగు మాత్రలు) నిండా నిశ్శబ్దం, ఆ తరవాత మొత్తం బ్యాండ్. ఆ నిశ్శబ్దాన్ని కీబోర్డ్ అతను రెండుసార్లు నింపబోయాడు. రెండుసార్లూ బేస్ అతనే అతని చెయ్యి పట్టుకున్నాడు.

మొదటి టేక్ అవగానే తేడా తెలిసింది. పల్లవిలో ఒక్క స్వరం మారలేదు. డెమోలో యాడ్‌లా వినపడ్డ ఆ పల్లవే ఇప్పుడు వదిలిన ఊపిరిలా వినపడింది. మిగతా పాటలన్నిటికీ ఇదే పద్ధతి రుద్దలేదు. ఇంకో మూడింటికి చరణాలు మార్చారు. రెండు పాటలు ఉత్త గంతులుగానే ఉంచేశాం, ఆల్బమ్‌లో వాటి ముందు బరువైన పాట పడేలా వరస పెట్టి. ఒక పాట ఏ విధంగానూ కుదరక తీసేశాం. అది వాళ్లకి ఇష్టమైన పాట.

రెండో మలుపు సంఘం గొంతులు. పన్నెండు లేయర్లలో ఉన్నది ఒకే మనిషి పన్నెండుసార్లు. అందరూ ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ఆగుతారు. నిజమైన హాల్లో అలా జరగదు. ఆదివారం ఆరాధన అయ్యాక జనాన్ని ఉండమన్నాం. గచ్చు నేల, కాంక్రీటు కప్పు, మోత బాగా ఉంటుంది. ఎడంగా రెండు కండెన్సర్ మైకులు, ముందు వరసకి దగ్గరగా ఒకటి. స్పీకర్లో ట్రాక్ పెడితే అది మైకుల్లోకి దూరుతుంది కాబట్టి గాయకుడు ఒక్కడే చెవిలో వింటూ చేత్తో తాళం చూపించాడు. ఫ్యాన్లు ఆపేశాం. ఉక్కకి తట్టుకోలేక వెనక వరసలో ఆడవాళ్లు పాటల పుస్తకాలతో విసురుకున్నారు. ఆ కాగితాల రెపరెప రికార్డింగ్‌లో ఉంది. తీసెయ్యలేదు.

చప్పట్ల దగ్గర మాత్రం తగాదా తప్పలేదు. రాక్ బీట్‌లో స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ రెండో, నాలుగో మాత్రల మీద పడుతుంది. మన సంఘం చప్పట్లు ఒకటి, మూడు మీద పడ్డాయి. డ్రమ్మర్ నేర్పించబోయాడు. నేర్చుకున్న చప్పట్లలో మనుషులు లెక్కపెట్టుకుంటున్నారు, మొహాలు బిగుసుకున్నాయి. దాంతో జనం చప్పట్లని అలాగే ఉంచి, వాళ్ల వైపే డ్రమ్స్‌ని వంచాం. పల్లవిలో నాలుగు మాత్రల మీదా కిక్ (కాలితో కొట్టే డ్రమ్), స్నేర్ కొంచెం వెనక్కి. రాక్ తెలిసినవాళ్లకి ఇది నాటుగా అనిపిస్తుంది. అనిపించనీ అనుకున్నాం. ముందు వరసలో ఒక అమ్మమ్మగారి అల్లెలూయా ప్రతిసారీ అర మాత్ర ఆలస్యంగా పడుతుంది. కంప్యూటర్‌లో తాళం గీతల (గ్రిడ్) మీదకి లాగడం నాకు రెండు క్షణాల పని. లాగి విన్నాను, పాట సన్నబడింది. తిరిగి ఉన్నచోటనే పెట్టేశాను.

మాస్టరింగ్ (విడుదలకి ముందు శబ్దానికి చేసే చివరి సర్దుబాటు) గురించి కొంచెమే. మొదట్లో బ్యాండ్ అడిగింది గట్టిదనం. మైనస్ 7 లఫ్స్ (గట్టిదనాన్ని కొలిచే యూనిట్, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి) దాకా నొక్కితే స్నేర్ దెబ్బకీ నిశ్శబ్దానికీ మధ్య తేడా అణిగిపోతుంది. పైగా స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి ఎలాగూ మైనస్ 14 చుట్టుపక్కలకి దించేస్తాయి. నొక్కినందుకు నష్టం మిగులుతుంది, గట్టిదనం మిగలదు. మైనస్ 10 దగ్గర ఆపాం. ఆ ఒక్క బార్ నిశ్శబ్దం కోసమైనా అది అవసరమే.

ఈ కేసు తరవాత నా పద్ధతి

సంతోషమైన ఆల్బమ్ కావాలని ఎవరు వచ్చినా ఇప్పుడు డెమో వినకముందే మాటల కాగితం అడుగుతున్నాను. టెంపో, శ్రుతి చర్చ దాని తరవాతే. ఈ బ్యాండ్ విషయంలో వరస వేరుగా నడిచింది, అది సరైనదే అనుకుంటాను. నమ్మకం కుదరకముందు ఆ చరణం ఫోన్‌లోంచి బయటికి వచ్చేది కాదు. కొత్తవాళ్లయినా సరే, కాగితం చూస్తాను గానీ ప్రశ్న వెంటనే అడగను.

వాద్యం సూచించే ముందు ఆ ఊరి పెద్దలతో ఒకసారి కూర్చుంటున్నాను. డప్పు విషయంలో ఆ పెద్దాయన చెప్పినట్టే ఇంకో సంఘం చెబుతుందని కాదు. ఆ తరవాత పనిచేసిన ఒక సంఘంలో డప్పు లేకపోతే మా పాటే కాదన్నారు, అక్కడ డప్పు పెట్టాం.

ఇక విడుదల సంగతి. బ్యాండ్ వాయించిన పాట బ్యాండ్ లేని చర్చిలో ఎలా బతుకుతుందన్నది మిక్స్ అయ్యాక గుర్తొచ్చే విషయం కాకూడదు. పల్లెల్లో చాలాచోట్ల ఫోన్‌లో ట్రాక్ పెట్టి, బ్లూటూత్ స్పీకర్‌తో పాడతారు. అందుకని గొంతు తీసేసిన ట్రాకులు కూడా ఇచ్చాం. పాడించేది ఆడవాళ్లయితే వేరే శ్రుతి కావాలి కాబట్టి ఒక్కో పాటకి రెండు శ్రుతుల్లో చేశాం. చిన్న స్పీకర్లో బేస్ వినపడదు గనక ఆ చరణం కింద బేస్‌తోపాటు సన్నగా గిటార్ కూడా నడిపించాం. ఆ ట్రాకుల్లోనూ నిశ్శబ్దం బార్ అలాగే ఉంది. పాట ఆగిపోయిందనుకుని ఎవరో ఫోన్ వైపు పరిగెత్తారని గాయకుడికి మెసేజీలు వస్తుంటాయి. నాలుగు స్టిక్ దెబ్బలు లెక్క ఇద్దామా అని అడిగాడు. ట్రాకు వరకూ ఇద్దామన్నాను, ఆల్బమ్‌లో వద్దన్నాను.